స్థానికుడి బదిలీ

జిల్లా పేపర్లో ప్రతి వార్త చివరా ఒక వాక్యం ఉంటుంది చూడండి. "ఇకనైనా అధికారులు స్పందించి తగు చర్యలు తీసుకోవాలని స్థానికులు కోరుతున్నారు" అని. ఎవరీ స్థానికులు, వాళ్లకి వేరే పనీపాటా లేదా, పొద్దస్తమానం ఇలా కోరుతూనే కూర్చుంటారా అని మీకూ ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది. మిగతా ఊళ్ల సంగతేమో గానీ కందులపాలెంలో మాత్రం ఆ స్థానికులు ఒక్కరే. నాలుగో వార్డు, రథం వీధి, కోరుమిల్లి పేర్రాజు గారు.

పేర్రాజు గారు బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం రిటైరైంది గానీ నోరు కాలేదు. దోమల మీద, పందుల మీద, వీధిదీపాల మీద, కేంద్ర బడ్జెట్టు మీద, పొరుగుదేశంతో సంబంధాల మీద ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి. పేపరు విలేకరి జోగారావు బండి ఆపి, "బాబాయ్‌గారూ, కుక్కల మీద రెండు ముక్కలు చెప్పండి" అంటే ఆయన ఎనిమిది చెప్పేవారు. చొక్కా జేబులో పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అది తల మీద జుట్టున్న రోజుల్లో తీయించుకున్న ఫోటో. "ఈ ఫోటోలో ఆయన్ని నేనెక్కడో చూశానండోయ్" అని భార్య మంగతాయారు ఆటపట్టించేది.

ఆ మంగతాయారు ఇంటి అరుగు మీద టిఫిన్లు అమ్ముతుంది. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. పచ్చడి ఘాటుకి ముక్కు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమ్మా అనే రకం జనం రథం వీధి వాళ్లు. పొద్దున్న ఆరయ్యేసరికి అరుగు నిండిపోయేది. పేర్రాజు గారి పెన్షను ఆయన కాఫీలకీ పేపర్లకీ సరిపోతే, ఇల్లు నడిచేది మాత్రం ఆ పెనం మీదే.

అలాంటి ఇంటి ముందు ఓ రోజు ఇసుక లారీ వెనక్కి వస్తూ మురిక్కాలవ మీది నాపరాయి ఎక్కింది. రాయి రెండు ముక్కలై కాలవలో కూలబడింది. ఆ కాలవ అంతా ఇంతా కాదు, ఊరి సగం మురుగు అందులోంచే పోతుంది. పంచె కట్టుకున్నవాడు దూకలేడు, ప్యాంటు వేసుకున్నవాడు దూకినా పచ్చడి తినేంత ఓపిక మిగలదు. మంగతాయారు ఒక కొబ్బరి మొద్దు అడ్డం వేయించింది. రెండో రోజున సోషల్ మాస్టారు దాని మీంచి జారి, చెప్పులతో సహా లోపలికి దిగారు. ఆయన్ని బయటికి లాగాక వీధంతా ఆ మొద్దుకి దణ్ణం పెట్టి అవతలే ఆగిపోయింది. పెరటివైపు దారి ఉంది గానీ, వీధంతా చుట్టి దొడ్లలోంచి దూరి రావాలి, ఇంటివాళ్లకి తప్పదు గానీ అట్టు కోసం ఎవడొస్తాడు? పోనీ సొంత డబ్బుతో రాయి వేయిద్దామంటే, పురపాలక సంఘం వారి కాలవ మీద ప్రైవేటు రాయి పెట్టడం ఆక్రమణ కిందికొస్తుందని ఎప్పటినుంచో బోర్డుంది.

"మీకు మాటలొచ్చుగా, ఇప్పుడు మాట్లాడండి" అంది మంగతాయారు.

పేర్రాజు గారు మాట్లాడారు. మర్నాడు జుట్టున్న ఫోటోతో సహా పేపర్లో పడింది. ఇకనైనా అధికారులు స్పందించాలని స్థానికులు కోరారు.

మన ఖర్మ కొద్దీ అధికారులు స్పందించారు.

ఏం జరిగిందంటే, అదే వారం పైనుంచి మునిసిపల్ కమిషనరు గారికి ఒక సర్క్యులర్ వచ్చింది. 'సంపూర్ణ సంతృప్తి పట్టణం' అని కొత్తగా ఒక పురస్కారం పెట్టారట. "పత్రికలందు స్థానికులు అనబడు వారి ద్వారా వెలువడుచున్న అసంతృప్తిని గుర్తించి, సదరు స్థానికుల విషయమై తగు చర్య గైకొనవలెను" అని అందులో ఉంది. కమిషనరు గారు నిబంధనల మనిషి. స్థానికులను గుర్తించమన్నారు కాబట్టి గుర్తించడానికి సిబ్బందిని పంపారు. ఊరంతా తిరిగొచ్చి వాళ్లు నివేదించింది ఒక్కటే: విచారించగా స్థానికులు అనబడు వారు ఒక్కరేనని తేలినది.

పేర్రాజు గారికి కబురొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాయి పని అయిపోయినట్టేనని భార్యకి భరోసా ఇచ్చి వెళ్లారు.

"అయ్యా, ఆ రాయి..." అని మొదలెట్టారు.

"రాయి తరవాత. ముందు మీరెవరో తేలాలి" అన్నారు కమిషనరు గారు.

"పేర్రాజునండి."

"అది పేరు. హోదా?"

"హోదా ఏవుందండి, ఆ వీధిలో ఉంటానండి."

"ఉండటం వేరు, స్థానికుడు కావటం వేరు. ఉండేవాళ్లు ఈ ఊళ్లో వేలమంది ఉన్నారు. అందరూ తలో అభిప్రాయం వెలిబుచ్చితే పరిపాలన అన్నది సాగుతుందా? అందుచేత ఈ విషయాన్ని క్రమబద్ధం చేయుటకు నిశ్చయించడమైనది." కమిషనరు గారు మామూలుగా మాట్లాడుతూనే మధ్యలో సర్క్యులర్‌లోకి జారిపోతారు, అది ఆయన అలవాటు. "ఇకపై వార్డుకొక స్థానికుడు ఉంటాడు. మేం నియమించినవాడే స్థానికుడు. తక్కినవారు నివాసులు. నాలుగో వార్డుకి మిమ్మల్ని వేశాం."

పేర్రాజు గారి నోటికి సర్కారు గుర్తింపొచ్చింది. జీవితంలో మొదటిసారి. ఇన్నేళ్లు ఊరికే వాగుతున్నాడని ఇంటావిడ దగ్గర్నుంచి ఇరుగుపొరుగుదాకా వెక్కిరించిన నోటికి ప్రభుత్వం వారు కుర్చీ వేస్తున్నారు. మెడలో వేసుకునే కార్డు, బల్ల, గంట, వీధి చివర పాత పంపు షెడ్డులో ఆఫీసు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలో నాపరాయి కాస్త మసకబారింది.

"రాయి సంగతి అడిగారా?" అంది మంగతాయారు, గుమ్మంలోనే.

"నేనే ఆఫీసర్ని తాయారూ. ఇంకెవర్నో అడగడవేంటి?" అన్నారాయన కార్డు సవరించుకుంటూ.

కొత్త నిబంధన ఊళ్లో అమల్లోకొచ్చింది. నివాసులకి అభిప్రాయాలు ఉండకూడదు. కరెంటు పోయినప్పుడు "ఛ!" అంటే అది అభిప్రాయమా కాదా అని మంగలిషాపులో పెద్ద రగడైంది. దాని మీద కమిషనరు గారు వివరణ ఇచ్చారు. "నివాసులు చిరాకు పడవచ్చును. అభిప్రాయపడరాదు." ఛ అనొచ్చు. ఛ తర్వాత ఎవణ్ణైనా ఏమైనా అన్నారంటే అభిప్రాయం కిందికొచ్చేస్తుంది. టీకొట్టు వాడు భయపడి 'ఇచట చిరాకు మాత్రమే' అని అట్టముక్క వేలాడదీశాడు. జనం టీ తాగి, ఛ అని, ఇంటికి పోయేవారు. కందులపాలెం చరిత్రలో టీకొట్టు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

అభిప్రాయం ఆపుకోలేనివాళ్లు పంపు షెడ్డు ముందు వరస కట్టేవారు. పేర్రాజు గారు గంట కొట్టి ఒక్కొక్కర్నీ పిలిచి, వాళ్ల బాధ విని, నచ్చితే దాన్ని తన అభిప్రాయంగా స్వీకరించేవారు. మధ్యాహ్నం భోజనం వేళ ఎవరైనా వస్తే, "ఇప్పుడు నాకు అభిప్రాయాలుండవమ్మా, మూడు దాటాక రండి" అనేవారు.

ఆయన చేసిన మొట్టమొదటి పని మాత్రం తన ఇంటి ముందు రాయి గురించి రాయడమే, అది ఒప్పుకోవాలి. ఫైలు వెళ్లింది. దాని వెనకే కమిషనరు గారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

"పేర్రాజు గారూ, ఏవిటండీ ఇది? మీ ఇంటి ముందు కాలవ మీద మీరే అభిప్రాయపడ్డారా?"

"అవునండి. రాయి విరిగిందండి."

"విరగనీయండి. మీ ఇంటి విషయం మీరే చూసుకోవడాన్ని ఏమంటారో తెలుసా? స్వప్రయోజనం. ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?" కమిషనరు గారు నిజంగానే బాధపడ్డారు. "తప్పు మాదేలెండి. తహసీల్దారుని సొంతూళ్లో వేస్తామా? ఎస్సైని సొంతూళ్లో వేస్తామా? మరి స్థానికుణ్ణి సొంత వార్డులో ఎలా వేశాం? స్థానికుడు స్థానికుడై ఉండరాదు. అదే మన లోపం."

ఆ సాయంత్రానికి లోపం సవరించారు. పేర్రాజు గారిని తొమ్మిదో వార్డు స్థానికుడిగా బదిలీ చేశారు. తొమ్మిదో వార్డులో ఐస్‌ఫ్యాక్టరీ ఎదురుగా కాపురముండే గుర్రాల నూకరాజుని నాలుగో వార్డు స్థానికుడిగా వేశారు. ఊళ్లో అన్ని వార్డులకీ ఇలాగే అటువాణ్ణి ఇటూ, ఇటువాణ్ణి అటూ సర్దేశారు.

నూకరాజు మంచివాడే. కొత్త కార్డు వేసుకుని రథం వీధికొచ్చి, కాలవకి ఇవతలి గట్టున నిలబడి అటు చూశాడు.

"అమ్మా, ఈ కాలవ వల్ల నాకేవైనా ఇబ్బందుందా?" అని మంగతాయారునే అడిగాడు.

"మీకేం ఇబ్బంది బాబూ, ఇబ్బంది మాది."

"అదేనమ్మా నా బాధానూ. నా అభిప్రాయం రాయమన్నారు గానీ మీది రాయమనలేదు. నేనేమో ఇంటి దగ్గర చద్దన్నం తినేసొచ్చాను, అటు దాటాల్సిన పనే లేదు. లేని ఇబ్బంది ఉందని రాస్తే అబద్ధమైపోద్ది కదా?"

"సంతృప్తి" అని రాసుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదో వార్డులో పేర్రాజు గారు చేసిందీ అదే. అక్కడ కుళాయి నీళ్లు పచ్చగా వస్తున్నాయని ఆడవాళ్లు బిందెలతో సహా వచ్చి చూపించారు. ఆయన పాపం చాలాసేపు ఆలోచించారు. తాను తాగేది నాలుగో వార్డు నీళ్లు. అవి తెల్లగానే ఉంటాయి. నిబంధన ప్రకారం తనకి ఏ కష్టమూ లేదు. చివరికి సంతృప్తి అనే రాశారు. ఆ ఆడవాళ్లు ఏమీ అనలేదు, అనకూడదు కాబట్టి "ఛ" అని వెళ్లిపోయారు. ఆయన జీవితంలో విన్న ఛలన్నిటిలో అదే గట్టిగా తగిలింది.

ఇలా ఏ వార్డు స్థానికుడికీ ఏ వార్డులోనూ ఏ ఇబ్బందీ లేకపోయేసరికి కందులపాలెం సంతృప్తి అమాంతం పెరిగిపోయింది. కమిషనరు గారు పైవాళ్లకి లెక్కలు పంపి, పురస్కారం కోసం కొత్త సూటు కుట్టించుకున్నారు.

ఇక్కడ మంగతాయారు పరిస్థితి చూడండి. ఒక వెదురుకర్ర చివర పళ్లెం కట్టి, అందులో పెసరట్టు పెట్టి, కాలవ మీదుగా అవతలివాళ్లకి అందించడం మొదలెట్టింది. అట్టు చేరేది, పచ్చడి మాత్రం సగం దారిలో కాలవలో పడేది. పచ్చడి లేని పెసరట్టు తినడానికి రథం వీధి దాకా ఎవడొస్తాడు? అరుగు ఖాళీ అయిపోయింది. నానబోసే పెసలు తగ్గించింది, ఆ తరవాత ఇంకా తగ్గించింది. పేర్రాజు గారు ఒక పొద్దున్న కార్డు వేసుకుని బయల్దేరుతూ పెనం కేసి చూస్తే, పొయ్యి వెలిగించే లేదు.

"ఇదేంటి తాయారూ? రాయి గురించి ఎవరో ఒకరు పట్టించుకోవాలి. నన్నడిగితే..." అన్నారు అలవాటుగా.

"మీరు తొమ్మిదో వార్డు స్థానికులు. మా వార్డు గొడవ మీకెందుకండీ?" అందావిడ, తల ఎత్తకుండా.

వెటకారమైతే పడి ఉండేవారు. అది వెటకారం కాదు. ఆవిడ నిజంగానే ఆయన మీద ఆశ వదిలేసుకుంది. ఆ సంగతి అర్థమై పేర్రాజు గారికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఊరందరి తరఫునా మాట్లాడానని మురిసిపోయిన మనిషి, ఇంట్లో మనిషి తరఫున ఒక్క రాయి తేలేకపోయాడు.

ఆ రోజే నెలవారీ స్థానికుల సమీక్షలో నూకరాజుని పక్కకి లాగారు.

"నూకరాజూ, మీ తొమ్మిదో వార్డు నీళ్ల మీద నేను రాస్తాను. మా రాయి మీద నువ్వు రాయి."

"ఆయ్, రాసేద్దారండి. మా ఆవిడా ఆ నీళ్లతోనే గోల పెడతంది" అన్నాడు నూకరాజు సంబరంగా.

ఇద్దరూ రాశారు. ఇద్దరికీ ఒకే రోజు సంజాయిషీ నోటీసులొచ్చాయి. కమిషనరు గారు ఇద్దర్నీ నిలబెట్టి మరీ అడిగారు.

"నూకరాజూ, ఈ కాలవ ఇబ్బంది నీదేనా?"

"కాదండి, పేర్రాజు గారిదండి."

"పేర్రాజు గారూ, ఈ నీళ్ల ఇబ్బంది?"

"నూకరాజుదండి."

"అంటే ఒకరి అభిప్రాయం మరొకరి పేరు మీద పెట్టారన్నమాట. బినామీ అభిప్రాయం!" కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. "భూముల్లో విన్నాను, కాంట్రాక్టుల్లో విన్నాను. అభిప్రాయాల్లో బినామీ మొదటిసారి వింటున్నాను. మరో పది రోజుల్లో పురస్కారం కమిటీ వస్తోంది. ఈసారికి వదిలేస్తున్నాను."

కమిటీ రావడానికి ముందు ప్రతి వార్డుకీ ఒక శిలాఫలకం వచ్చింది. 'ఈ వార్డు సంపూర్ణ సంతృప్తి చెందినది' అని పైన పెద్దక్షరాలతో, కింద మంత్రి గారి దగ్గర్నుంచి కాంట్రాక్టరు బావమరిది దాకా అందరి పేర్లతో. అన్ని పేర్లు పట్టాలంటే చిన్నరాయి చాలదు గదా. మనిషిని మించిన పొడుగు, జానెడు మందం, నల్లరాయి. నాలుగో వార్డు ఫలకాన్ని పంపు షెడ్డు గోడకి ఆనించి, సిమెంటు తెస్తామని పనివాళ్లు భోజనానికి వెళ్లారు.

మంగతాయారు అటుగా పోతూ దాన్ని చూసింది. ఆగింది. కాలవ కేసి చూసింది. మళ్లీ రాయి కేసి చూసింది. తరవాత వీధిలోకి తిరిగి ఒకే ఒక్క కేక వేసింది. ఎవరూ ఏ అభిప్రాయమూ చెప్పలేదు. ఆడామగా అంతా వచ్చి తలో చెయ్యీ వేశారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, రాయి కాలవ మీద కూర్చుంది.

"పేర్లు పైకొచ్చాయమ్మా, తొక్కుతామేమో?" అన్నారు సోషల్ మాస్టారు.

"పైకే ఉండనీండి మాస్టారూ. వెనకవైపు నున్నగా ఉంది, మళ్లీ జారిపోతారు. చెక్కినవైపు అయితే కాలికి పట్టు దొరుకుద్ది" అంది మంగతాయారు.

సిమెంటుతో తిరిగొచ్చిన పనివాళ్లు గోడనీ కాలవనీ మార్చి మార్చి చూసి, ఛ అని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే కమిటీ పెద్దలతో కమిషనరు గారు కొత్త సూటులో దిగారు. గోడ దగ్గర ఫలకం లేదు. అటూ ఇటూ చూస్తే కాలవ మీద సంపూర్ణ సంతృప్తి కనిపించింది.

"ఎవరు చేశారిది?" అని గుడ్లురిమారు.

"మేం నివాసులవండీ. మాకు అభిప్రాయాలుండవు" అన్నారు మాస్టారు వినయంగా. వెనకవాళ్లంతా "ఛ" అన్నారు.

"నూకరాజూ!"

"నేను తొమ్మిదో వార్డులో ఉంటానండి. ఇక్కడేం జరిగిందో నాకెలా తెలుస్తదండి?"

కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఫలకం ఇలా పడుకోబెట్టారేం?" అని అడిగాడు. కమిషనరు గారు ఆ ఉద్యోగంలోకి ఊరికే రాలేదు. క్షణంలో తేరుకున్నారు.

"ఇది క్షితిజ సమాంతర శిలాఫలకం సార్. గోడకుంటే ప్రజలు చూస్తారు, అంతే. ఇలా అయితే సంతృప్తి మీద నడుస్తారు. రాష్ట్రంలోనే ప్రథమం."

కమిటీ చప్పట్లు కొట్టింది. కమిషనరు గారు చెమట తుడుచుకుని, వెంటనే ఫలకం ముందు ఎర్ర రిబ్బను కట్టించి, పక్కన కానిస్టేబుల్ని నిలబెట్టారు. మంత్రి గారు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ దాటరాదు. మంత్రి గారెప్పుడొస్తారు? తేదీ పరిశీలనలో ఉంది.

అంత రాయీ వచ్చి కాలవ మీద పడ్డా, రిబ్బను ఇవతల జనం, అవతల మంగతాయారు. ఆవిడ ముందు రాత్రే ఆశపడి పెసలు నిండుగా నానబోసి, పొద్దున్నే రుబ్బింది. పొయ్యి వెలిగించింది. పెనం మీద నీళ్లు చిలకరిస్తే సుయ్‌మంది. గరిట పట్టుకుని అలా నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల అనుకోమని కాబోలు, పొయ్యి కేసి తిరిగింది.

తొమ్మిదో వార్డుకి డ్యూటీకి బయల్దేరిన పేర్రాజు గారు పెరటిదారిన చుట్టూ తిరిగొచ్చి, జనం మధ్య నిలబడి ఇదంతా చూశారు. ఈ సందర్భం మీద చెప్పడానికి ఆయన దగ్గర ఒకటి కాదు, వంద అభిప్రాయాలున్నాయి. నోరు తెరిచారు కూడా. కమిటీ వాళ్లు చెవులు రిక్కించారు, కమిషనరు గారి మొహం తెల్లబోయింది.

పేర్రాజు గారు నోరు మూసేశారు. మెడలో కార్డు తీసి నూకరాజు చేతిలో పెట్టారు. పంచె ఎగ్గట్టారు. కానిస్టేబులు తేరుకునేలోపే నేరుగా రిబ్బను మీదికి నడిచారు. పొట్టకి తగిలి అది కాసేపు సాగి, పటుక్కున తెగింది. మంత్రి గారి పేరు మీద ఒక కాలు, కాంట్రాక్టరు బావమరిది పేరు మీద ఒక కాలు వేసి, అవతలికి చేరి, అరుగెక్కి కూర్చున్నారు.

"పేర్రాజు గారూ!" కమిషనరు గారి గొంతు కీచుమంది. "ప్రభుత్వ రిబ్బను! ప్రారంభం కాని శిలాఫలకం! దీని మీద మీ అభిప్రాయం ఏవిటో కమిటీ ముందు చెప్పండి!"

"అభిప్రాయం ఏమీ లేదండి. ఆకలేస్తోంది" అన్నారు పేర్రాజు గారు. భార్య వైపు తిరిగి, "తాయారూ, అల్లం పచ్చడి ఎక్కువేసి ఒక పెసరట్టు పెట్టు" అన్నారు.

మంగతాయారు పెనం మీద పిండి పోసింది. ఇవతలి గట్టున ఉన్నవాళ్లు ఒక్కసారి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట సోషల్ మాస్టారు దాటారు. ఆయన వెనక అందరూ.